మనకంటిన వ్యాధి

మన గృహములలో రోగవార్త వినబడినప్పుడు పలుకరించుట కొక మర్యాద కలదు. ఒకనికి గుండెజబ్బు వచ్చినదనిన "ఇప్పుడెట్లున్నది?" అని యడుగుదుము. చక్కెరవ్యాధి యనిన "ఏ వైద్యునికి చూపించిరి?" అని యడుగుదుము. రాచపుండనిన గొంతు తగ్గించి "అయ్యో పాపము!" అందుము. కాని హెచ్.ఐ.వి. యను మాట చెవిని బడినప్పుడు చదువుకొన్నవారి నోటనుండి సైతము మొట్టమొదట వెడలు ప్రశ్న వేఱొకటి. "ఎట్లు వచ్చినదట?"

ఈ ప్రశ్న వైద్యముకొఱకు కాదు. అడుగువాడు వైద్యుడు కాడు. తీర్పుకొఱకు. రోగి మనకు జాలిపడదగినవాడా, చీదరించుకొనదగినవాడా యని తేల్చుకొనుటకు. మన దేశమున నీ వ్యాధి కనబడి దాదాపు నలుబది సంవత్సరములైనది. మందు వచ్చినది. చట్టము వచ్చినది. ప్రశ్న మాత్రము కదలలేదు. మందు చేతికందుచుండగా నేటికిని మనుష్యులు మరణించుచున్నారన్న నందుకు గల కారణములలో నీ ప్రశ్న పెద్దదని మా నిశ్చితాభిప్రాయము. దానిమీదనే మా యీ వ్యాసము.

ముందుగా వ్యాధిని గూర్చి నాలుగు మాటలు. తెలిసినవారు మన్నింతురు గాక. 1981 జూను నెలలో నమెరికా దేశమున నీ రోగమును గూర్చిన మొదటి వైద్యవార్త వెలువడెను. 1983లో పారిస్ నగరపు పాశ్చర్ సంస్థయందు దీనికి మూలమగు వైరస్సును కనుగొనిరి. అందుకు ఫ్రాన్స్వాజ్ బారె సినూసీ, ల్యూక్ మాంటన్యే యనువారలకు 2008లో నోబెల్ బహుమానము లభించెను. మన దేశమున 1986లో మద్రాసునందు డాక్టరు సునీతి సోలొమన్, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల యను నిరువురు స్త్రీలు దీనిని మొదట బయటపెట్టిరి. పడుపువృత్తి నేరముపై ప్రభుత్వ గృహములలో నిర్బంధింపబడిన స్త్రీల రక్తమును నిర్మల సేకరించి పరీక్షింపజేసినది. ఆ నిర్భాగ్యుల నెత్తుటివలన దేశమునకు హెచ్చరిక లభించెను. దేశము వారికి కృతజ్ఞత చెప్పలేదు. వారి వృత్తినే వ్యాధికి మాఱుపేరు చేసినది.

ఈ వైరస్సు శరీరమునకు సహజముగ నుండు రోగనిరోధకశక్తిని క్రమక్రమముగ తినివేయును. చికిత్స లేనిచో గొన్ని యేండ్లకు క్షయ మొదలగు నితర రోగములు దేహమును బట్టుకొనును. ఆ దశకే ఎయిడ్సని పేరు. వైరస్సుండుట వేఱు, ఎయిడ్సు వేఱు. ఇది సోకు దారులు నాలుగే: రక్షణలేని లైంగిక సంపర్కము, వైరస్సు గల రక్తము నెక్కించుట, ఒకరికి వాడిన సూదిని వేఱొకరికి వాడుట, గర్భమునందో, ప్రసవమునందో, చనుబాలవలననో తల్లినుండి బిడ్డకు సంక్రమించుట. చేయి కలిపినందున రాదు. కౌగిలించినందున రాదు. దగ్గువలన, తుమ్మువలన, దోమకాటువలన రాదు. ఒక్క కంచమున దినినను, ఒక్క పంపు నీరు త్రావినను, ఒక్క బల్లపై గూర్చుండి చదివినను రాదు.

ఈ సంగతులు మన పిల్లల పాఠ్యపుస్తకములలో నున్నవి. చదువరులలో నెఱుగనివారు తక్కువ. అయినను రోగి త్రాగిన గ్లాసును మనము వేఱుగ బెట్టుదుము. తెలిసియు నెందుకు నమ్మము? మా కొక కారణము తోచుచున్నది. మన భాషలో 'అంటు' అను మాట యొక్కటే. తాకుట అంటు. మైల అంటు. తిని విడిచిన పాత్రలు అంట్లు. ఒకరినుండి యొకరికి వచ్చునది అంటురోగము. ఇదియు నంటురోగమేయని యెవరో చెప్పినంతనే మన యిండ్లలో సగము నిద్రలోనున్న మడియు మైలయు దిగ్గున లేచి కూర్చున్నవి. కులమును జూచి గ్లాసును వేఱుచేయుట నేరమని 1950లో నమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున శాసించినది. సరిగా నట్టి పనినే చేయుటకు వైద్యశాస్త్రము పేర నొక క్రొత్త సాకు దొరకినదని మనలో గొందఱు లోలోపల సంతోషించినట్లున్నది. శాస్త్రమా, యట్లు చెప్పనే లేదు.

శాస్త్రము చెప్పినదేమో వినుడు. 1996 మొదలు పలు మందులను గలిపి యిచ్చు చికిత్స ప్రబలినది. నాడు దాని వెల సంవత్సరమునకు పదివేల డాలర్లకు మించియుండెను. అనగా ధనికదేశములవారు బ్రదుకుదురు, తక్కినవారు చత్తురు. 2001లో మన దేశపు సిప్లా కంపెనీ యధిపతి యూసుఫ్ హమీద్ అదే మందును రోజునకొక డాలరుకంటె దక్కువకు నిచ్చెదనని ప్రకటించి లోకమును నిర్ఘాంతపఱచెను. 2004 ఏప్రిల్ 1వ తేదీ మొదలు భారత ప్రభుత్వము ఏ.ఆర్.టి. యను నీ చికిత్సను ఉచితముగ నిచ్చుచున్నది. 2017 నుండి రోగము ముదురువఱకు వేచియుండనక్కఱలేదు. పరీక్షలో దేలిన వెంటనే మందు మొదలుపెట్టుదురు. ఇప్పుడు పెక్కుమందికి రోజున కొక్క మాత్ర చాలును. దానిని జీవితాంతము మానక వాడినచో మనుష్యుడు పనిచేసికొనును, బిడ్డలను బెంచుకొనును, ముసలితనమును జూచును.

అంతకంటెను గొప్ప సంగతి యింకొకటి కలదు. మందు క్రమముగ వాడగా వైరస్సు పరీక్షకు సైతము దొరకనంతగ నణగిపోయినవారినుండి లైంగిక సంపర్కమువలన నితరులకు వ్యాధి సోకదు. ఇది యూహ కాదు. ఒకరికి వైరస్సుండి రెండవవారికి లేని జంటలను ఐరోపా దేశములలో నేండ్ల తరబడి కనిపెట్టి చూచిన పార్ట్‌నర్ పరిశోధన ఫలితములు 2016లోను, 2019లోను వెలువడినవి. అట్లు వైరస్సణగియున్నవారినుండి, కండోము వాడకున్నను, భాగస్వామికి సోకిన సందర్భ మొక్కటియు గానరాలేదు. చికిత్సలేని తల్లులకు గలుగు బిడ్డలలో నూటికి 15 మొదలు 45 మందికి వ్యాధి వచ్చు నవకాశముండగా, తల్లికి వేళకు మందిచ్చినచో నది 5కు లోపునకు దిగును. కావున మందు తినుచున్న రోగి సంఘమునకు భయకారణము కాడు. మన భయమునకు జంకి పరీక్షకు బోనివాని విషయముననే ప్రమాదము.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ యంచనా ప్రకారము 2021లో మన దేశమున నీ వైరస్సుతో జీవించువారు సుమారు 24 లక్షలు. అందు ఆంధ్రప్రదేశమునవారు 3 లక్షలకు పైగా, తెలంగాణమునవారు లక్షన్నరకు పైగా నుండిరి. మన రెండు రాష్ట్రములయందును నీ వ్యాధి దేశపు సగటునకు రెండు మూడింతలున్నది. కాబట్టి, "మాకు దెలిసినవారిలో నెవరును లేరు" అని చదువరు లెవరైన ననినచో దాని యర్థము లేరని కాదు. వారు మీకు జెప్పలేదని. ఏల చెప్పలేదో మీ రాలోచింపవలెను.

తమ యూరి యాసుపత్రిలో నెఱిగినవారు చూతురేమోయని పొరుగు జిల్లాకు బోయి మందు తెచ్చుకొనువారు కలరు. సీసాపై చీటీని గోకివేసి బియ్యపు డబ్బాలో దాచుకొను స్త్రీలు కలరు. పండుగకు జుట్టములు వచ్చిరని నాలుగు దినములు మాత్ర మ్రింగనివారు కలరు. ఈ మందున కట్టి మానుటయే విషము. మానిమాని వాడినచో వైరస్సు మందునకు లొంగకుండ బోవును. ఆ చుట్టములు దుర్మార్గులు కారు. వారు చేసినదెల్ల "అవి యేమి మాత్రలు?" అని యడుగగలవారై యుండుటయే. ఆ ప్రశ్న వెనుకనే "ఎట్లు వచ్చినది?" అను ప్రశ్న వచ్చునని రోగికి దెలియును.

ఇతరులను నిందించుట సులభము. మా మాటయు జెప్పవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మేము పనిచేయుచున్న పాఠశాలలో నొక బాలుడుండెను. అతని తండ్రి మరణించెను. ఏ రోగముతో మరణించెనో యూరిలో గుసగుసలు పుట్టినవి. బాలునికి వ్యాధి యున్నదో లేదో యెవరికిని దెలియదు. తెలిసికొనవలసిన పనియు లేదు. అయినను మధ్యాహ్న భోజనమువేళ నతని కంచము వేఱైనది. వేఱుచేయుమని యెవరును ఉత్తరువు చేయలేదు. ఒకనాటి కట్లు జరిగినది, మఱునా డలవాటైనది. బాలుడు తాను దిని తన కంచమును తానే కడిగి ప్రహరీగోడ ప్రక్కను బోర్లించి పోవుచుండెను. మేము చూచితిమి. మేము సంస్కృతము చదివినవారము, ఇంగ్లీషు చదివినవారము. వ్యాధి యెట్లు వచ్చునో యెట్లు రాదో తరగతిలో జెప్పినవారము. ఏమియు ననలేదు. తలిదండ్రులు గొడవచేయుదురని, నాలుగు దినములలో నదియే సర్దుకొనునని మాలో మేము చెప్పుకొంటిమి. నాలుగు దినములలో గాదు గాని నెల తిరుగకుండ సర్దుకొన్నది: బాలుడు బడికి రాలేదు. తల్లి వానిని దీసికొని యెక్కడికో పోయినదనిరి. కంచము మాత్రము గోడ ప్రక్కనే యుండెను. వంటచేయు నామె యొకనాడు "ఈ కంచం ఏం చెయ్యమంటారు మాస్టారూ?" అని యడిగినది. మేము బదులు చెప్పలేకపోతిమి. నేటికిని జెప్పలేము.

ఈ వ్యాస మెవరిని దిట్టుచున్నదని యడుగువారికి మా జవాబిది: ముందు మమ్ము. పిమ్మట మావంటివారిని.

ఇక నాక్షేపణలు. మొదటిది: "చేసికొన్నవారికి చేసికొన్నంత, దురాచారఫల మనుభవించుచున్నారు." ఈ మాట యనువారు తర్కశాస్త్రము నించుక స్మరింతురు గాక. భర్తను దప్ప వేఱొక పురుషు నెఱుగని యిల్లాండ్రు వేనవేలమందికి నీ వ్యాధి సోకినది. వారు చేసికొన్నదేమి? వివాహము. అగ్నిసాక్షిగ మనమే చేసినది. భర్త పోయిన తరువాత నత్తవారు ఆమెనే "నీవే నా కొడుకును మ్రింగితివి" అని వెడలగొట్టుదురు, ఆస్తి ముట్టనీయరు, పుట్టింటివారు వంటయింటి గడప దాటనీయరు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిననాడు వారిని వెలివేసినవారును జదువుకొన్న గృహస్థులే. వైధవ్యము పూర్వజన్మ పాపఫలమని వారనిరి. నూటనలుబది యేండ్లు గడచిన తరువాత వైధవ్యమునకు వ్యాధిని జోడించి యామాటనే మనము మరల ననుచున్నాము. ఆనాటి వెలివేతకు నేడు నవ్వుకొనువార మీనాటి వెలివేతను జూచి సిగ్గుపడమేల?

అయితే యిచట నొక గుంట కలదు. దయగలవారే యందు బడుదురు. "నిజమే, ఇల్లాలు నిర్దోషి, పసిబిడ్డ నిర్దోషి, వారిని జేరదీయవలసినదే" అందురు. అనగా లారీ తోలువాడు, వలసపోయిన కూలివాడు, పడుపుకత్తె, పురుషునితో గూడిన పురుషుడు, మత్తుమందు సూది గ్రుచ్చుకొన్నవాడు—వీరు దోషులు, వీరి నుండనిండు! ఇది దయ కాదు. ఆ పాత ప్రశ్నయే దయవేషము వేసికొని వచ్చినది. త్రాగి మెట్లమీదనుండి పడినవాని కాలు విఱిగినచో వైద్యుడు ముందు కట్టు గట్టునా, మద్యపాననిషేధముపై నుపన్యసించునా? నిర్దోషులకు మాత్రమే మందన్న సంఘములో దాను నిర్దోషినని ఋజువు చేసికొనగలుగువఱకు నెవడును రోగమును బయటపెట్టడు. దాని ఫలము చివర కనుభవించునది మీరు నిర్దోషి యనుచున్న యా యిల్లాలే, యా బిడ్డయే.

మనము దోషులనువారు సంఘమునకు జేసిన మేలును గూడ దెలిసికొనుడు. 1992లో డాక్టరు స్మరజిత్ జానా కలకత్తాలోని సోనాగాఛీ వేశ్యావాటికలో నీ వ్యాధినివారణపని నారంభించెను. ఆయన యచటి స్త్రీలకు నీతులు బోధింపలేదు. వారినే తోడి స్త్రీలకు బోధకురాండ్రను జేసెను. కండోము లేనిదే యొల్లమని వారు కలసికట్టుగ విటులను నిలువరింప నేర్చిరి. 1995లో దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ యను సంఘమును స్థాపించుకొనిరి. ఆ విటులు కాపురములుగల గృహస్థులు. వారి యిండ్లలోని యిల్లాండ్రను గాపాడినవారెవరో లెక్క చూచుకొనుడు.

రెండవ యాక్షేపణ: "మా పిల్లల క్షేమము మేము చూచుకొనవలదా?" చూచుకొనవలసినదే. అట్లయిన వాడిన సూదిని మరల వాడు వైద్యుని విడువుడు. రక్త మెక్కించవలసివచ్చినచో పరీక్షించిన రక్తమేయని గట్టిగ నడిగి తెలిసికొనుడు. మీ యింట గర్భవతి యున్నచో మొదటి నెలలలోనే పరీక్ష చేయింపుడు. ఈడు వచ్చిన కుమారునికిని, కుమార్తెకును ఈ విషయమును ముఖము చాటువేయక చెప్పుడు. ఇవి క్షేమోపాయములు. ప్రక్కబల్లమీది బాలుని బడినుండి వెడలగొట్టించుట క్షేమోపాయము కాదు, క్రౌర్యమే.

మూడవ యాక్షేపణ: "రోగుల పేళ్లు ప్రకటించినచో నెవరి జాగ్రత్తలో వారుందురు గదా!" ఈ ప్రయోగము కొంత జరిగియే యున్నది. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా యను యువకుడు రక్తదానము చేసెను. ఆ రక్తమున వైరస్సు గనబడినదని యతనిని నేరస్థునివలె బట్టుకొనిపోయి, పూర్వము క్షయరోగుల కుద్దేశింపబడిన యొక భవనమున 64 దినములు నిర్బంధించిరి. అతడు న్యాయస్థానమున బోరాడెను; బయటికి వచ్చి తనవంటివారికై 'పాజిటివ్ పీపుల్' అను సంస్థకు బునాది వేసి 1992లో మరణించెను. పరోపకారము చేయబోయినవాని గతి యిట్లగునని చూచిన తరువాత పరీక్షకు దనంతట దానెవడు పోవును? రహస్యమును గాపాడుట రోగికి జేయు దయ మాత్రమే కాదు; పరీక్షశాల తలుపు తెఱచియుంచు తాళపుచెవి యదియే. భార్యకో భర్తకో తెలియవలసిన న్యాయ మున్నది; చట్టము దానికి దగిన మార్గమును జూపినది. ఊరికి దెలియవలసిన న్యాయము మాత్రము లేదు.

ఆ చట్టము 2017లో జేయబడి 2018 సెప్టెంబరు 10న నమలులోనికి వచ్చినది. ఈ వ్యాధి యున్నదని యొకనిని బనినుండి తొలగింపరాదు. బడిలో, నాసుపత్రిలో, నద్దెయింటిలో వివక్ష చూపరాదు. సమ్మతి లేక పరీక్షింపరాదు. సంగతి నితరులకు వెల్లడింపరాదు. రోగులపై ద్వేషమును బ్రచారము చేసినవారికి 3 నెలలు మొదలు 2 సంవత్సరముల వఱకు గారాగారము. చట్టము మంచిదే. కాని యది మన వంటయింటిలోనికి రాలేదు. కంచము వేఱుగ బోర్లించిననా డే యుద్యోగియు వచ్చి యడుగడు. అచట చట్టము మీరే.

అందుచే గృహస్థులకు మా విన్నపము. మీ యింట బనిచేయు నామెకో, మీ యద్దెయింటివానికో, మీ బంధువులలో నొకరికో యీ వ్యాధి యున్నదని తెలిసిననాడు "ఎట్లు వచ్చినది?" అని యడుగకుడు. "మందు తినుచున్నావా?" అని యడుగుడు. తినుచున్నామన్న సంతోషింపుడు; లేదన్న ప్రభుత్వాసుపత్రికి దోడు పొండు. దారి తెలియనివారు 1097 అను సంఖ్యకు ఫోను చేసిన ఖర్చు లేకుండ జెప్పుదురు. వారితో గలసి భోజనము చేయుడు. అదియు మీ పిల్లలు చూచుచుండగ జేయుడు. పుస్తకమున జదివినది పిల్లలు మఱతురు గాని తల్లి యెవరికి ఏ గ్లాసున మంచినీళ్లిచ్చినదో మఱువరు. వీలైనచో మీరును పరీక్ష చేయించుకొనుడు. ఆ కేంద్రము వాకిట బెద్దమనుష్యుడు నిలిచినచో పేదవానికి నిలుచుటకు ధైర్యము కలుగును.

వైరస్సు కొందఱి రక్తమున నున్నది; దానికి మందు దొరకినది. "ఎట్లు వచ్చినది?" అను వ్యాధి మన యందఱి నాలుకలమీద నున్నది, దానికి మందు మన చేతిలోనే కలదు, వెలయు లేదు. మా బడి గోడ ప్రక్కను బోర్లించిన యా కంచమును దీసి తక్కిన కంచములలో గలిపియుండినచో నెంత పని! చేయి చాచినంత. ఆ నాడు మేము చేయి చాపలేదు. చదువరులలో నొక్కరైన నట్టి తరుణమున చేయి చాచినచో మేము కొంత ఋణము తీర్చుకొన్నవార మగుదుము.